ఖండాల భౌగోళికం: ఎడారి ఎటువైపు, వాన ఎటువైపు? బిట్లలో ప్రతిసారీ ఇక్కడే తప్పు పోతోంది

కావలి_సోషల్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ సోషల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఇండియా జాగ్రఫీ వరకు ఇబ్బంది లేదు. ఖండాల దగ్గరికి వచ్చేసరికి పేర్లన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. మాక్ టెస్టులో తప్పు పెట్టినవి ఇవీ:

పటగోనియా ఎడారికి కారణం హంబోల్ట్ అనే శీతల సముద్ర ప్రవాహం అని పెట్టాను. కీలో "ఆండీస్ వర్షచ్ఛాయ" అని ఉంది, అంటే కొండ అడ్డంతో అవతలి పక్క వాన అందకపోవడం. అటకామాకు కూడా ఆండీస్ అడ్డమే గదా? మరి ఒకటి కొండలకు పడమర, ఇంకొకటి తూర్పున ఎట్లా ఉంటాయి?

బెంగ్వేలా ప్రవాహానికి కలహారి జతపరిచాను. కీలో నమీబ్.

విక్టోరియా సరస్సు పగులు లోయలో ఏర్పడింది అంటే ఒప్పు అని పెట్టాను. తప్పంట.

లానోస్, కాంపోస్, పంపాలు మూడూ దక్షిణ అమెరికా గడ్డిభూములే అని తెలుసు. ఏది ఎక్కడో ఒక్కసారి కూడా సరిగా పెట్టలేదు.

బట్టీ పడితే రెండు వారాలకు చెరిగిపోతోంది. షార్ట్‌కట్ పదాలు కాకుండా, కారణంతో గుర్తుండే పద్ధతి ఉంటే చెప్పండి.

ఒంగోలు_మ్యాపులు

కావలి గారూ, మొదటిది గాలి తప్పు. రెండోది, నాలుగోది చోటు తప్పు. మూడోది వేరే సంగతి, అది తెలిసినవాళ్ళు చెప్తారు. నేను గాలి గురించి చెప్తాను, ఎందుకంటే ఖండాల చాప్టర్లో సగం బిట్లు దాని చుట్టూనే తిరుగుతాయి.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఈ పాఠం పుస్తకం తెరవకుండానే తెలుసు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి, నేల మీదుగా వస్తుంది. తడంతా పడమటి కనుమల దగ్గరే దించేసి మన దగ్గరికి పొడిగా చేరుతుంది. అక్టోబరు దాటాక గాలి తిరిగి బంగాళాఖాతం మీద నుంచి వీస్తుంది. మన చెరువులు నిండేది అప్పుడే. ఈ రెండు కాలాల మధ్య కొండలు జరగలేదు, సముద్రం జరగలేదు. గాలి దిక్కు మారింది, అంతే. కాబట్టి ఎడారి బిట్టు కనపడగానే "పక్కన కొండలున్నాయా" అని కాదు, "అక్కడ గాలి ఎటు నుంచి వస్తుంది" అని ముందు అడగాలి.

రుతుపవనాలు లేనిచోట గాలి దిక్కు అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖ నుంచి సుమారు 30° వరకు వ్యాపార పవనాలు, తూర్పు నుంచి వీస్తాయి. 40° నుంచి 60° వరకు పశ్చిమ పవనాలు, పేరులోనే ఉంది, పడమటి నుంచి. రెండు అర్ధగోళాల్లోనూ ఇంతే.

ఇప్పుడు ఆండీస్ చూడండి. ఉత్తరాన కరీబియన్ దగ్గర నుంచి దక్షిణ కొస దాకా సుమారు 7,000 కిలోమీటర్లు నిలువుగా ఉన్న గోడ అది. అటకామా సుమారు 20°–27° దక్షిణాన ఉంది. అక్కడ గాలి తూర్పు నుంచి, అంటే అట్లాంటిక్ వైపు నుంచి వస్తుంది, తడి తూర్పు వాలులోనే దిగిపోతుంది, పడమర ఎండిపోతుంది. పటగోనియా 40° దాటాక మొదలవుతుంది. అక్కడ గాలి పసిఫిక్ నుంచి వస్తుంది. దక్షిణ చిలీ మీద కుండపోత, కొండ దాటాక అర్జెంటీనా వైపు ఎండు నేల. గోడ ఒకటే, గాలి దిక్కులు రెండు. అందుకే ఈ రెంటి మధ్య ఉన్న ఎండు పట్టీ అట్లాసులో ఆండీస్‌ను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఐమూలగా దాటుతూ కనిపిస్తుంది. ఒకసారి వేలు పెట్టి గీయండి, ఇంక మర్చిపోరు.

అదే సూత్రాన్ని మిగతాచోట్ల పెట్టి చూడండి. 20° దగ్గర మడగాస్కర్ తూర్పు తీరం తడి, పడమర పొడి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తూర్పు తీరం తడి, పశ్చిమ తీరం ఎడారి. 40° దాటాక తిరగబడుతుంది: టాస్మానియా పడమర తడి, న్యూజిలాండ్ దక్షిణ దీవిలో పడమటి తీరం అడవి, తూర్పున కాంటర్‌బరీ గడ్డి మైదానం. ఉత్తర అమెరికాలో వాంకూవర్ తడి, రాకీలు దాటితే ప్రయరీలు. కాంటర్‌బరీ, ప్రయరీ అనే గడ్డిభూముల పేర్లు విడిగా బట్టీ పట్టక్కర్లేదు. కొండకు అవతలి పక్క, అడవికి సరిపోనంత తక్కువ వాన పడేచోట ఉన్నాయి కాబట్టే అవి గడ్డిభూములు.

ఐరోపాలో పశ్చిమ పవనాలు ఖండం లోపలి దాకా తడి మోసుకెళ్తాయి. ఎందుకంటే ఆల్ప్స్ తూర్పు పడమరలుగా పడుకుని ఉన్నాయి, గాలికి అడ్డం నిలబడవు. స్కాండినేవియా కొండలు మాత్రం అడ్డం నిలుస్తాయి, అందుకే నార్వేలో బెర్గెన్ తడి, స్వీడన్ వైపు తక్కువ. "రాకీలకు, ఆల్ప్స్‌కు తేడా" అని అడిగితే ఎత్తు, వయసు కాదు, ఈ దిశే చూడాలి.

ముత్తుకూరు_తీరం

పైన చెప్పింది సరే. అటకామాకు మాత్రం వర్షచ్ఛాయ ఒక్కటే కాదు, ప్రవాహం కూడా కారణమే. కావలి గారు హంబోల్ట్‌ను తీసుకెళ్ళి తప్పుచోట పెట్టారు తప్ప ఆ పేరు పనికిరానిది కాదు.

పక్కనే మహాసముద్రం ఉండి కూడా వాన ఎందుకు పడదు అనేది చాలామందికి అర్థం కాకుండానే "శీతల ప్రవాహం" అని టిక్కు పెట్టేస్తారు. అసలు జరిగేది ఇది. 20°–30° మధ్య ఉపఉష్ణమండల అధిక పీడన మేఖల ఉంటుంది, అక్కడ గాలి పైనుంచి కిందికి దిగుతుంది, దిగే కొద్దీ వేడెక్కి పొడిబారుతుంది. కింద శీతల ప్రవాహం మీద ఉన్న గాలి పొర చల్లగా, బరువుగా ఉంటుంది. పైన వేడి మూత, కింద చల్లని గాలి. చల్లని గాలి పైకి లేవదు. గాలి పైకి లేవకుండా వాన మేఘం కట్టదు. సంక్రాంతి ముందు పొద్దున్నే మన వరి మళ్ళ మీద మంచు నేలబారునే పరుచుకుని ఉండి, ఎండెక్కి నేల వేడెక్కాక విడిపోతుంది చూడండి, అటకామా తీరాన అడుగున ఉన్న సముద్రపు నీరు అలా వేడెక్కదు. కాబట్టి మంచు ఉంటుంది, వాన ఉండదు. చిలీలో ఆ తీరపు మంచును కమంచాకా అంటారు. వలలు కట్టి, వాటి మీద చేరే నీటిబొట్లను తొట్లలోకి పట్టుకునే ఊళ్ళున్నాయి.

ఇలాంటి జోడీలు ఐదు. ఐదూ ఖండాల పశ్చిమ తీరాలే:

కాలిఫోర్నియా ప్రవాహం – సోనోరా, బాజా కాలిఫోర్నియా
కానరీ ప్రవాహం – సహారా పశ్చిమ అంచు
హంబోల్ట్ లేక పెరూ ప్రవాహం – అటకామా
బెంగ్వేలా – నమీబ్
పశ్చిమ ఆస్ట్రేలియా ప్రవాహం – పశ్చిమ ఆస్ట్రేలియా తీరపు ఎడారులు

కలహారి ఇందులో ఎందుకు లేదంటే అది తీరాన లేదు. నమీబియాలో సముద్రాన్ని ఆనుకున్న సన్నని పట్టీ నమీబ్. అక్కడి నుంచి తూర్పుకు, ఎత్తైన అంచు ఎక్కి పీఠభూమి మీదికి వెళ్తే బోట్స్‌వానా వైపు కలహారి. ప్రవాహంతో జతపరచమంటే తీరాన్ని తాకే పేరే తీసుకోవాలి. గోబీ కూడా అంతే, దానికి ఏ ప్రవాహమూ లేదు. అది ఖండం నడుమ ఉండి, హిమాలయ–టిబెట్ అడ్డుతో తడి అందక ఎండిన శీతల ఎడారి. థార్‌కు కూడా శీతల ప్రవాహం జత కాదు.

పెరూ ప్రవాహం మీద ఇంకొక బిట్టు తరచూ వస్తుంది: చేపలు. గాలి తీరం వెంబడి వీస్తూ పైనీటిని బయటికి నెడితే, లోతు నుంచి చల్లని, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. దాని మీద నాచు, నాచు మీద నెత్తళ్ళ జాతి చేప. ఆ చేపను ఎండబెట్టి పొడి చేసి ప్రపంచానికి అమ్మడంలో పెరూదే మొదటి స్థానం. మన రొయ్యల గుంటల్లో వేసే మేతలో చేపపొడి ఒక ముఖ్యమైన దినుసు, కాబట్టి ఇది దూరపు సంగతేమీ కాదు. ఎల్ నినో (పసిఫిక్ తూర్పు భాగంలో నీరు మామూలు కంటే వేడెక్కడం) ఏడాది వ్యాపార పవనాలు బలహీనపడతాయి, చల్లని నీరు పైకి రావడం తగ్గుతుంది, చేప తగ్గుతుంది. 1972లో పెరూ వేట కుప్పకూలింది అట్లాగే, అతిగా వేటాడటం కూడా తోడైంది. ఎల్ నినో అంటే ఇండియా అంతటా కరువు అని రాయొద్దు. నైరుతి వానలు తగ్గే అవకాశం ఎక్కువ, కానీ ఈశాన్య రుతుపవనం మన తీరంలో బలపడే ధోరణి ఉంది. 2015 బలమైన ఎల్ నినో ఏడాది. ఆ నవంబరులోనే నెల్లూరు, చెన్నై మునిగాయి.

కావలి_సోషల్

చాలా థాంక్స్ సార్. ఆండీస్ సంగతి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. ఒక్క అనుమానం. 30° లోపల తూర్పు తీరం తడి అన్నారు. సోమాలియా తూర్పు తీరమే, భూమధ్యరేఖకు దగ్గరే. మరి అది ఎండిపోయి ఎందుకుంది?

ఒంగోలు_మ్యాపులు

మంచి ప్రశ్న, ఈ సూత్రం తెగే చోటు సరిగ్గా అదే. అక్కడ వీచేది మామూలు వ్యాపార పవనం కాదు, రుతుపవనం. వేసవిలో నైరుతి గాలి సోమాలియా తీరానికి అడ్డంగా కాకుండా తీరం వెంబడి మన వైపు పరుగెత్తుతుంది. నేల మీదికి తడి తేదు. పైగా తీరం వెంబడి వీచడంతో పెరూలో లాగానే అడుగు నీరు పైకి వచ్చి సముద్రం చల్లబడుతుంది. చలికాలపు ఈశాన్య గాలి ఆసియా నేల మీద నుంచి వచ్చేది, పొడి. అదే ఈశాన్య గాలి బంగాళాఖాతం దాటి వస్తుంది కాబట్టి మనకు వాన. సూత్రం వాడేటప్పుడు రెండు అడగండి: గాలి ఎటు నుంచి, ఆ వచ్చే దారిలో కింద నీళ్ళున్నాయా.

దీనికి ఆనుకునే ఇంకొక పొరపాటు జరుగుతుంది. "శీతాకాలంలో వర్షం" అనగానే మధ్యధరా శీతోష్ణస్థితి అని పెట్టేస్తారు. మన తీరానికి అక్టోబరు–డిసెంబరు వానలు పడినా మనది మధ్యధరా కాదు. అది ఖండాల పశ్చిమ అంచున 30°–40° మధ్య మాత్రమే ఉంటుంది: మధ్యధరా సముద్రం చుట్టూ, కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికా కేప్ మూల, ఆస్ట్రేలియా నైరుతి మూల పెర్త్ దగ్గర. వేసవిలో అధిక పీడన మేఖల మీదికి జరిగి ఎండ, చలికాలంలో అది వెనక్కి తగ్గితే పశ్చిమ పవనాలు వచ్చి వాన.

వెలిగొండ_అంచు

సరస్సుల సంగతి నేను చెప్తాను. తూర్పు ఆఫ్రికాలో నేల చీలి, రెండు పగుళ్ళ మధ్య భాగం కిందికి కుంగింది. ఆ కుంగిన కందకంలో నీళ్ళు చేరితే సరస్సు ఎలా ఉంటుంది? పొడుగ్గా, సన్నగా, చాలా లోతుగా. టాంగన్యీకా చూడండి: పొడవు దాదాపు 670 కిలోమీటర్లు, వెడల్పు సగటున 50, లోతు 1,470 మీటర్లు. మలావీ, తుర్కానా, ఆల్బర్ట్ కూడా అదే ఆకారం. ఇప్పుడు విక్టోరియా చూడండి. గుండ్రంగా పళ్ళెంలా ఉంది. వైశాల్యం సుమారు 69,000 చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికాలో అన్నిటికంటే పెద్దది, కానీ లోతు మహా అయితే 80 మీటర్ల చిల్లర. పగులు లోయకు రెండు కొమ్మలున్నాయి, తూర్పుది, పడమరది. వాటి నడుమ ఎత్తు మీద పడమటి అంచు పైకి లేచి, పడమరగా పారే నీళ్ళు వెనక్కి తన్ని నిలబడ్డ నీరు విక్టోరియా. అంటే లోయలో పుట్టింది కాదు, కట్ట అడ్డం పడితే నిండిన చెరువు లాంటిది.

కాబట్టి అట్లాసులో ఆకారం చూసి చెప్పేయొచ్చు. సన్నగా పొడుగ్గా ఉంటే పగులు అని మొదట అనుమానించండి. బైకాల్ కూడా నెలవంకలా సన్నగా ఉంటుంది, అది పగులే, 1,642 మీటర్ల లోతుతో ప్రపంచంలో మొదటిది. ఉత్తర అమెరికా పంచ సరస్సులు వేరు, హిమానీనదాలు తవ్విన పల్లాలు. వరస పడమర నుంచి సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో. నయాగరా ఆఖరి రెంటి మధ్య. పూర్తిగా అమెరికా లోపలే ఉన్నది మిషిగన్ ఒక్కటే.

ఖండాల్లో ఎత్తైన శిఖరాల బిట్లలో జాగ్రత్త పడాల్సింది ఐరోపా దగ్గర. ఆసియాతో సరిహద్దును కాకసస్ జలవిభాజకం (నీళ్ళు రెండు పక్కలకు విడిపోయే కొండ గట్టు) మీదుగా గీస్తే రష్యాలోని ఎల్‌బ్రస్, 5,642 మీటర్లు. సరిహద్దును ఇంకా ఉత్తరానికి జరిపితే మౌంట్ బ్లాంక్. రెండూ ఆప్షన్లలో ఉంటే ఎల్‌బ్రస్ పెట్టండి, ఎల్‌బ్రస్ లేకపోతేనే బ్లాంక్. కిలిమంజారో (5,895) టాంజానియాలో ఉంది, కెన్యాలో కాదు. అకొంకాగువా (6,961) అర్జెంటీనాలో ఉంది, చిలీలో కాదు. ఆఫ్రికా దక్షిణ కొస గుడ్‌హోప్ అగ్రం కాదు, అగుల్హాస్ అగ్రం. ఈ మూడూ అడిగినన్నిసార్లు అడుగుతూనే ఉంటారు.

ఒంగోలు_మ్యాపులు

చోటు తప్పులకు మందు గ్రాఫ్ పేపరు. బజార్లో దొరికే అవుట్‌లైన్ మ్యాపు వద్దు, అందులో ఆకారం వాళ్ళే గీసిస్తారు, మీ చేతికి పని ఉండదు. సెంటీమీటరుకు 10° చొప్పున తీసుకోండి. ఆఫ్రికా 37° ఉత్తరం నుంచి 35° దక్షిణం, 17° పశ్చిమం నుంచి 51° తూర్పు. అంటే 7.2 సెంటీమీటర్ల నిలువు, 6.8 అడ్డం. ముందు పెన్సిల్‌తో సున్నా రేఖలు రెండూ (భూమధ్యరేఖ, గ్రీనిచ్ రేఖ), కర్కట, మకర రేఖలు గీయండి. తర్వాత ఆరు చుక్కలు:

ట్యునీషియా ఉత్తర కొస: 37° ఉ, 10° తూ
డకార్: 15° ఉ, 17° ప
కామెరూన్ మూల: 4° ఉ, 9° తూ
అగుల్హాస్: 35° ద, 20° తూ
సోమాలియా కొమ్ము: 10° ఉ, 51° తూ
సూయెజ్: 30° ఉ, 32° తూ

కామెరూన్ మూల మర్చిపోయి డకార్ నుంచి అగుల్హాస్‌కు తిన్నగా గీత లాగితే గినియా సింధుశాఖ మొత్తం నేలైపోతుంది. తర్వాత కాంగో ముఖద్వారం (6° ద, 12° తూ) పెడితే తీరానికి సెంటీమీటరు పైనే లోపల పడుతుంది. అలా పడిందంటే ఆ మూల వదిలేశారన్న మాట, చెరిపి మళ్ళీ గీయండి. డకార్ చుక్క గుర్తుండటానికి ఒక మాట: నెల్లూరు 14.4° ఉత్తరాన ఉంది. అదే అడ్డగీత మీద కాస్త అటూ ఇటుగా పడమర డకార్, ఇంకా పడమర గ్వాటెమాలా సిటీ, తూర్పున బ్యాంకాక్, మనీలా ఉన్నాయి. మన ఊరి గీత పట్టుకుని ఖండాల మీద నడవొచ్చు.

నిలువు గీత కూడా మనకు కలిసొచ్చింది. నెల్లూరు, ఒంగోలు రెండూ దాదాపు 80° తూర్పు మీదే ఉన్నాయి. అదే అంకె పశ్చిమాన, 80° ప, మయామి పక్కగా పోతుంది. దక్షిణ అమెరికాను ఉత్తర అమెరికాకు సరిగ్గా కింద వేలాడదీసే అలవాటు ఉంటే ఈ గీత గీయండి. ఈక్వెడార్, పెరూల అంచు కొద్దిగా తప్ప ఆ ఖండమంతా గీతకు తూర్పునే ఉంటుంది. దానికి చుక్కలు: 12° ఉ 72° ప, 5° ద 81° ప, 18° ద 70° ప, 56° ద 67° ప, 35° ద 57° ప, 7° ద 35° ప, 0° 50° ప. మూడోది అరికా వంపు, పశ్చిమ తీరం లోపలికి మడత పడేచోటు. ఆఖరిది అమెజాన్ ముఖద్వారం.

ఇప్పుడు మీ నాలుగో తప్పు. ఆ గ్రాఫు మీదే పైనుంచి కిందికి దిగండి. 7° ఉత్తరం దగ్గర ఒరినోకో నది చుట్టూ లానోస్, వెనెజువెలా, కొలంబియాలది. భూమధ్యరేఖ మీద అమెజాన్ సెల్వా అడవి. దాని దక్షిణాన బ్రెజిల్ పీఠభూమి మీద కాంపోస్. ఇంకా దిగితే పరాగ్వే, ఉత్తర అర్జెంటీనాల్లో గ్రాన్ చాకో. 35° దక్షిణం దగ్గర బ్యూనస్ ఎయిర్స్ చుట్టూ పంపాలు. లానోస్, కాంపోస్ అడవికి రెండు పక్కలా ఉన్న ఉష్ణమండల సవన్నాలు, ఎండకాలం, వానకాలం విడివిడిగా ఉంటాయి. పంపాలు సమశీతోష్ణ గడ్డిభూములు, స్టెప్పీలు, ప్రయరీలు, వెల్డులు, డౌన్స్ ఉన్న గుంపులోవి. "వీటిలో భిన్నమైనది" అని లానోస్‌ను ఈ గుంపులో కలిపి ఇస్తారు.

కావలి_సోషల్

ఈ స్కేలుతో ఆసియా కూడా గీయొచ్చా సార్? గ్రీన్‌లాండ్ వైపు వెళ్ళేసరికి ఆకారాలు సాగిపోయినట్టు వస్తున్నాయి.

ఒంగోలు_మ్యాపులు

సాగుతాయి. 60° అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అసలు దూరం భూమధ్యరేఖ దగ్గర ఉన్నదానిలో సగమే, గ్రాఫులో మాత్రం రెండూ సమానంగా గీస్తున్నాం. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఆసియాకు, ఉత్తర అమెరికాకు చోటు చూసుకోవడానికి వాడండి, వైశాల్యం పోల్చడానికి వాడొద్దు. గ్రీన్‌లాండ్ సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆఫ్రికా 3 కోట్ల పైన, అంటే పద్నాలుగు రెట్లు. గోడ మ్యాపు చూసి వైశాల్యాల వరస పెడితే తప్పే. వరస ఇది: ఆసియా, ఆఫ్రికా, ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఐరోపా, ఆస్ట్రేలియా. ఐదో స్థానం దగ్గర ఐరోపా పెట్టేవాళ్ళే ఎక్కువ.

ముందు ఆఫ్రికా నాలుగు రోజులు చూడకుండా గీయండి. ఐదో రోజు నైలు, కాంగో, నైజర్, జాంబెజీ, లింపోపో నదులు వేయండి. కాంగో భూమధ్యరేఖను రెండుసార్లు, లింపోపో మకరరేఖను రెండుసార్లు దాటాలి. మీ గీతలు అలా దాటకపోతే అట్లాసు తెరిచి ఎక్కడ వంపు తప్పారో చూసి, ఆ ఒక్క నదిని మళ్ళీ వేయండి.